వార్తల్లో పదం: విగ్నర్ స్ఫటికం

లోహంలో ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు. అయితే వాటి మధ్య వికర్షణ చలనశక్తిని మించిపోతే అవి వీలైనంత ఎడంగా సర్దుకుని వరుసలు కడతాయని 1934లో యూజీన్ విగ్నర్ ఊహించారు. పరమాణువుల ఊసు లేకుండా ఎలక్ట్రాన్లే కట్టుకునే ఈ అమరికే విగ్నర్ స్ఫటికం. 1979లో ద్రవ హీలియం ఉపరితలంపై దీని జాడ దొరికింది.

ఎలక్ట్రాన్లను ఒకే పొరకు పరిమితం చేసి, దానికి లంబంగా బలమైన అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే అవి చిన్న చిన్న వలయాల్లో చిక్కుకుంటాయి. అప్పుడు వికర్షణదే పైచేయి. అయినా స్ఫటికానికి పోటీ ఉంది. 1982లో బయటపడిన పాక్షిక క్వాంటం హాల్ స్థితిలో ఎలక్ట్రాన్లు ద్రవంలా మెలుగుతాయి. క్షేత్ర బలంతో పోలిస్తే ఎలక్ట్రాన్ల సాంద్రత బాగా తక్కువైతే స్ఫటికం నెగ్గుతుంది. తగిన ప్రమాణాల్లో ఆ రెంటి నిష్పత్తి మూడో వంతు వంటి కొన్ని భిన్నాల దగ్గర ఉంటే ద్రవానిదే గెలుపు.

2024లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం రెండు పొరల గ్రాఫీన్‌లో ఈ స్ఫటికాన్ని స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోపుతో నేరుగా చిత్రించింది. సందు చుక్కల ముగ్గులా త్రిభుజాకారపు అమరిక కనిపించింది. ఒక్కో చుక్క మాత్రం అలికినట్టుంది. పరమశూన్యానికి చేరువలోనూ ఆగని క్వాంటం కంపనమే అందుకు కారణం.

మంచు కరగాలంటే వేడి కావాలి. ఈ స్ఫటికం వేడికే కాదు, సాంద్రతనో క్షేత్రాన్నో మార్చినా కరుగుతుంది. ఉష్ణోగ్రతతో పనిలేని ఇలాంటి మార్పునే క్వాంటం దశా పరివర్తన అంటారు.