పూత కుదిర్చిన పొత్తు

బరువు తక్కువగా, బలం ఎక్కువగా ఉండే పదార్థం కోసం మానవుడు ఏనాటినుంచో వెదుకుతున్నాడు. అల్యూమినియం తేలికే గాని, వేడి హెచ్చితే మెత్తబడుతుంది. కార్బన్ పోగు అంతకన్నా తేలిక. లాగి చూస్తే ఉక్కుకు తీసిపోదు. 1961 ప్రాంతంలో జపాను శాస్త్రజ్ఞుడు అకియో షిండో కృత్రిమ నూలును మాడ్చి ఈ పోగులు తీసే మార్గం చూపారు. మట్టిగోడకు గడ్డిపరకల వలె లోహానికి ఈ పోగులు పట్టునిస్తే ఎంత బాగుండును! ఇది ఇత్తడి, కంచు వంటి మిశ్రలోహం కాదు. ఇందులో పోగు పోగుగానే, లోహం లోహంగానే నిలవాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఆ ద్రవం కార్బన్‌ను అంటదు. తామరాకుమీది నీటిబొట్టులా జారిపోతుంది. అంటుకొనేటంతగా కాస్తే రెండూ కలిసి అల్యూమినియం కార్బైడు అనే పెళుసు పదార్థం పుడుతుంది. అది తేమ తగిలితే మీథేన్ వాయువు విడుస్తూ శిథిలమవుతుంది. అంటకపోతే బలం లేదు. అతిగా అంటితే పోగుకే ముప్పు.

ఇత్తడి గిన్నెకు కళాయి ఎందుకు పూయిస్తామో మన ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు. పులుసుకూ ఇత్తడికీ నడుమ ఆ పలుచని పొర కాపలా ఉంటుంది. ఇక్కడా అదే ఉపాయం. అయితే పూయవలసినది గిన్నె కాదు; వెంట్రుకలో సుమారు పదోవంతు మందం గల పోగు. అట్టివి వేలకొలది ఉన్న కట్టలో ప్రతి పోగుకూ పూత సమంగా పట్టాలి.

నికెల్ పూస్తే లోహం చక్కగా అంటుతుంది. కాని నికెల్ అల్యూమినియంలో కరిగి మరో పెళుసు పదార్థమవుతుంది. టైటానియం, బోరాన్‌ల పూత బాగా పనిచేసింది గాని, గాలి సోకితే దాని గుణం చెడుతుంది. సిలికాన్ కార్బైడు పూత పోగుకు మంచి కాపలా.

ఇంత శ్రమ ఎందుకంటారా? వేడికి అల్యూమినియం సాగుతుంది. కార్బన్ పోగు నిలువునా రవంత కుదించుకుంటుంది. పాళ్ళు కుదిరితే మొత్తం పొడవు దాదాపు మారదు. 1990లో అంతరిక్షానికి పంపిన హబుల్ దూరదర్శినిలో, ఆంటెనాలను మోసే 3.6 మీటర్ల కడ్డీలను కార్బన్ పోగులు పొదిగిన అల్యూమినియంతో చేశారు. ఎండకూ నీడకూ గంటన్నరకొకసారి మారే ఆ చోట వంగని కడ్డీ కావాలి గదా!

ఖర్చు మాత్రం ఇంకా అధికమే. అది తగ్గినప్పుడే ఈ పదార్థం ఆకాశం దిగి మన వాహనాలలో విరివిగా చేరుతుంది. అందుకు చౌకగా, సమంగా పట్టే పూత కుదరాలని మేము తలుస్తున్నాము.