ఏ మాండలిన్‌కు ఏ తీగ?

'ఫట్'మని చప్పుడు. వెంటనే "అమ్మా!" అని కేక. వంటింట్లోంచి అత్తమ్మ, వాకిట్లోంచి మామ పరుగెత్తుకొచ్చారు. పదకొండేళ్ల మా బావమరిది చెంప పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో మాండలిన్. దాని మీద తెగిన తీగ ఇంకా ఊగుతోంది.

"నేనేం చేయలేదు బావా... శృతి పెడుతుంటే తెగింది" అన్నాడు నా వంక చూస్తూ. అదృష్టం... కంటికి తగల్లేదు.

ఇది జరిగింది ఇబ్రహీంపట్నంలో, ఎండాకాలం సెలవుల్లో. ఆ మాండలిన్ మామది. పెళ్లికి ముందు స్నేహితులతో కలిసి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడట. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అటక మీదే ఉంది. ఫోన్‌లో మాండలిన్ శ్రీనివాస్ కచేరీ చూసిన పిల్లాడు 'నాకూ కావాలి' అని పేచీ పెట్టడంతో కిందికి దిగింది. తుప్పు పట్టిన తీగలు మార్చాలిగా! మామ సాగర్ రోడ్డులో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి తీగలు తెచ్చాడు.

"గట్టిగుంటయని లావువి ఇమ్మన్న. వారంల రెండు తెగినయ్" అన్నాడు మామ విసుగ్గా.

కవరు చూస్తే అవి గిటార్ తీగలు. 'అన్నీ ఒకటే' అన్నాడట దుకాణదారు! తీగ తెగడం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. పిల్లాడి ఎడమచేతి వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. మాండలిన్ మెడ కొద్దిగా పైకి లేచి, మెట్లకీ తీగలకీ మధ్య సందు పెరిగింది. నొక్కితే తీగ దిగడంలేదు. "ఇంక నేను నేర్చుకోను" అని వాడు మొహం తిప్పేసుకున్నాడు. అటక మీదికి పోవడానికి మాండలిన్ మళ్లీ సిద్ధంగా ఉంది.

లావైతే తెగదా?

తీగల ప్యాకెట్ మీద 10, 11, 14, 38... ఇలా అంకెలుంటాయి. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన తీగ మందమది. 10 అంటే పావు మిల్లీమీటరు. మాండలిన్‌కు వాడే 'లైట్' సెట్‌లో సాధారణంగా 10, 14, 24, 38 సైజులు జతలు జతలుగా ఉంటాయి. 'మీడియం'లో 11, 15, 26, 40. కంపెనీని బట్టి కాస్త అటూఇటూ.

పదికీ పదకొండుకీ తేడా ఎంత? వేలికి తెలియనంత. కానీ తీగ లాగుడు మందానికి వర్గంగా పెరుగుతుంది. అంటే అదే శృతిలో నిలబెట్టడానికి పదో నంబరు కంటే పదకొండో నంబరు తీగని 21 శాతం ఎక్కువ బిగించాలి. పన్నెండు వేస్తే 44 శాతం! మామూలు లైట్ సెట్‌లోనే ఒక్కో తీగ దాదాపు ఏడెనిమిది కిలోల బరువుతో లాగుతుంది. ఎనిమిదీ కలిస్తే అరవై కిలోలు దాటిపోతుంది. ఒక పెద్దమనిషిని ఆ సన్నటి మెడకి వేలాడదీసినట్టే. దానికి ఇంకో పాతిక శాతం తోడైతే మెడ లేవదా మరి!

పోనీ, లావు తీగ తెగదా అంటే అదీ లేదు. లావెక్కిన కొద్దీ బలం పెరిగే మాట నిజమే. కానీ అదే శృతికి రావడానికి దాన్ని అంతే ఎక్కువగా లాగాలి కదా. లెక్క ఎక్కడిదక్కడే. తీగ తెగడానికి అసలు కారణాలు వేరే... నాసిరకం ఉక్కు, తుప్పు, మెలిక, బ్రిడ్జి మీదో బిరడా దగ్గరో గీరుకునే అంచు. మా వాడి మాండలిన్‌లో రెండు తీగలూ ఒకేచోట తెగాయి. చూస్తే అక్కడ గాడి అంచు బ్లేడులా ఉంది. సన్నటి గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దితే పోయింది. ముందే చూసుకుని ఉంటే మామకు ఆ బస్సు ఛార్జీలైనా మిగిలేవి.

పాలకొల్లు కుర్రాడి అయిదు తీగలు

మాండలిన్ మనది కాదు, ఇటలీది. నాలుగు జతలు... మొత్తం ఎనిమిది తీగలు. శృతి అచ్చం వయొలిన్‌దే. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది కాబట్టి జత తీగల మీద గబగబా మీటి నాదం నిలబెడతారు. సినిమా పాటల్లో ఆ వణుకు అందరికీ పరిచయమే. 1995లో వచ్చిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో షారుఖ్ ఖాన్ చేతిలో ఉండేది మాండలినే.

సినిమా పాటకు సరే. మరి కర్ణాటక సంగీతానికి? అక్కడ ప్రాణమంతా గమకంలోనే ఉంది. తీగని పక్కకు లాగాలి, మెట్ల మీద జార్చాలి. జత తీగల్ని లాగితే రెండూ ఒకేలా సాగవు. ఒకటి ఒక చోట, ఇంకోటి ఒక చోట పలికి అపస్వరం వస్తుంది.

ఈ చిక్కుముడిని విప్పింది పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. అయిదారేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ మాండలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు. గొంతులో ఉన్నది ఉన్నట్టు వాద్యంలోకి రావాలన్న పట్టుదల అక్కడే మొదలైందేమో! 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసే నాటికి ఆయన వయసు 45 ఏళ్లే. సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్ ఆయన శిష్యుడే.

శ్రీనివాస్ వాయించింది నాలుగు జతల మాండలిన్ కాదు, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. ఒంటి తీగ కాబట్టి గమకం శుభ్రంగా పలుకుతుంది. కరెంటు తోడుంది కాబట్టి నాదం నిలుస్తుంది. అంటే ముందు సంగీతం ఏదో తేల్చుకుని, ఆ తర్వాత తీగల సంగతి చూశాడన్నమాట. దుకాణానికి వెళ్లేముందు మనమూ వేసుకోవాల్సిన ప్రశ్న అదే... ఏం వాయిస్తాం?

రంగు చూసి మోసపోవద్దు

ప్యాకెట్‌లో కొన్ని తీగలు బంగారు రంగులో, కొన్ని వెండి రంగులో ఉంటాయి. సన్నటి రెండు జతలూ ఉత్త ఉక్కు తీగలు. లావు జతలకు మాత్రం లోపల ఉక్కు, పైన ఇంకో లోహపు చుట్ట ఉంటుంది. కరెంటు అక్కర్లేని చెక్క మాండలిన్‌కు కంచు చుట్ట బాగుంటుంది. మోత ఘనంగా వస్తుంది. రాగితోపాటు తగరం, కాస్త ఫాస్ఫరస్ కలిసిన రకం ఇంకాస్త మెత్తగా పలుకుతుంది.

కరెంటు మాండలిన్‌కు ఇవి పనికిరావు. అందులో శబ్దాన్ని పట్టేది అయస్కాంతం. దానికి కంచు కనిపించదు, ఉక్కు, నికెల్ కనిపిస్తాయి. కంచు చుట్ట వేస్తే సన్న తీగలు గట్టిగా, లావు తీగలు నీరసంగా వినిపిస్తాయి. 'ఖరీదైనవి వేసినా బాగా లేదు' అని బాధపడేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

తీగ చివరా చూసుకోవాలి. మాండలిన్ తీగలకు సాధారణంగా చివర ఉచ్చు ఉంటుంది, కొక్కేనికి తగిలిస్తారు. గిటార్ తీగలకు చిన్న గుండు ఉంటుంది. కొన్ని ఎలక్ట్రిక్ మాండలిన్లకు గుండువే కావాలి. పాత తీగ ఒకటి జేబులో వేసుకుని వెళ్తే దుకాణంలో వాదన ఉండదు. బొర్ర వంపుగా ఉండే పాతకాలపు మాండలిన్ అయితే ఇంకా జాగ్రత్త. 'ఎక్స్‌ట్రా లైట్' దాటి వెళ్లొద్దు.

ఇక శృతి సంగతి. కర్ణాటక పద్ధతిలో స-ప-స-ప అని కడితే, 5 శృతిలో కింది రెండు జతలూ ఉన్నచోటే ఉంటాయి. పై రెండు జతల్ని ఒక్కో స్వరం కిందికి దించాలి. బిగువు ఐదో వంతు తగ్గి తీగలు జావకారిపోతాయి. గమకం లాగితే చప్పగా ఉంటుంది. అప్పుడు 10 బదులు 11, 14 బదులు 15 లేదా 16 వేస్తే బిగువు మళ్లీ మొదటి చోటికే వస్తుంది. మామ అడిగిన లావు తీగకి సరైన చోటు ఇది. అన్ని తీగలకూ కాదు, అన్ని శృతులకూ కాదు.

మార్చేటప్పుడు ఎనిమిదీ ఒకేసారి విప్పేయకండి. మాండలిన్ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అన్నీ విప్పితే జరిగిపోతుంది. తర్వాత పై మెట్ల మీద స్వరాలన్నీ తప్పుతాయి. ఒకటి తీసి, ఒకటి కట్టడమే మేలు. వాయించాక పొడిబట్టతో తుడిస్తే చెమట తుప్పు పట్టించదు. పిల్లల మొహాలు దూరంగా ఉంచమని వేరే చెప్పాలా?

మరుసటి ఆదివారం మామా, నేనూ కలిసే వెళ్లాం. ఈసారి మాండలిన్ లైట్ సెట్, ఉచ్చు రకం, కంచు చుట్టవి తెచ్చాం. గిటార్ తీగలు తీసేసిన వారానికి మెడ కాస్త సర్దుకుంది. పూర్తిగా కాదు, ఒక మరమ్మతు మిగిలే ఉంది. బొబ్బలు మానాక మా బావమరిది మళ్లీ మాండలిన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

మొన్న వెళ్లేసరికి మామ రుసరుసలాడుతున్నాడు. "సూడు వీని పని! పైసలు పెట్టి ఎనిమిది తెస్తే నాలుగు పీకేసిండు" అన్నాడు.

"గమకం రావట్లేదు నాన్నా" అన్నాడు వాడు తలెత్తకుండానే. జతకొకటి చొప్పున తీసేసిన నాలుగు తీగల్నీ చుట్టలు చుట్టి, కాగితంలో పొట్లం కట్టి, అత్తమ్మ కుట్టుమిషన్ సొరుగులో దాచాడు. ఏదైనా తెగితే వేసుకోవడానికట!