మూలలేఖమునుండి నిర్మించుకొను లినక్స్

బజారులో కుట్టి అమ్ము చొక్కా వెంటనే తొడుగుకొనవచ్చును గాని, అందరికిని సరిగా అమరదు. గుడ్డ కొని దర్జీకిచ్చినచో కొలతలు మనవి. అయితే కొన్నాళ్లు ఆగవలెను. కంప్యూటరు ప్రోగ్రాములలోను ఈ భేదము కలదు.

మనుష్యులు చదువగల భాషలో వ్రాసిన ప్రోగ్రామునకు మూలలేఖమని పేరు. దానిని యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చు సాధనము కంపైలరు. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలు ఇట్లు మార్చి సిద్ధపరచిన ప్యాకేజీలను పంచిపెట్టును. డేనియల్ రాబిన్స్ ప్రారంభించిన జెంటూ మార్గము వేరు. 2002లో మొదటి ప్రధానరూపము వెలువడిన ఈ వ్యవస్థలో మూలలేఖము వాడుకరి కంప్యూటరునకే వచ్చి, అక్కడనే మార్పు చెందును. 2023 డిసెంబరు నుండి సిద్ధపు ప్యాకేజీలు కూడ విరివిగా లభించుచున్నను, దీని ప్రత్యేకత మొదటి పద్ధతియే.

ఇందు కొలతలు చెప్పునవి 'యూజ్' గుర్తులు. గుర్తు పేరు వ్రాసినచో ఆ సౌకర్యము చేరును. ముందు ఋణచిహ్నముంచినచో తొలగును. 'మేక్.కాన్ఫ్' అను ఫైలులో వ్రాసినది అన్ని ప్యాకేజీలకు వర్తించును. 'ప్యాకేజ్.యూజ్'లో వ్రాసినది పేర్కొన్న ప్యాకేజీకే వర్తించును. రెండును విరుద్ధమైనపుడు రెండవదే చెల్లును.

వర్గల్‌లోని ఒక పాఠశాలలో పాత కంప్యూటరు కలదనుకొందము. అచ్చుయంత్రమున్నచో 'కప్స్' గుర్తు కావలెను. బ్లూటూత్ పరికరము లేనిచో ఆ గుర్తును తీసివేయవచ్చును. భాషల పట్టికలో తెలుగు గుర్తును చేర్చినచో ఫైర్‌ఫాక్స్ తెలుగు మాటలతో కనిపించుటకు వీలగును. అయితే గుర్తు మార్చినంత మాత్రమున పూర్వము కట్టిన ప్రోగ్రాము మారదు. దానిని తిరిగి నిర్మింపవలెను.

ఒక్కొక్కప్పుడు విత్తు ముందా, చెట్టు ముందా యను చిక్కు కలుగును. అక్షరాకృతులను గీయు ఫ్రీటైప్, తెలుగు వత్తులను గుణింతములను కూర్చు హార్ఫ్‌బజ్, ఈ రెండును పరస్పరము ఆశ్రయించుటచే ఇట్టి చిక్కు ఏర్పడుచుండెడిది. ఉపాయము సులభమే: మొదట హార్ఫ్‌బజ్ గుర్తు లేకుండ ఫ్రీటైప్‌ను, పిదప హార్ఫ్‌బజ్‌ను, తుదకు గుర్తుతో ఫ్రీటైప్‌ను మరల నిర్మింపవలెను.

అనవసరపు భాగములను చేర్చిన నష్టమేమి? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనము యొక్క 5.6.0, 5.6.1 రూపములలో రహస్యద్వారము బయటపడెను. దూరమునుండి కంప్యూటరును నడుపుటకు తోడ్పడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌నకు కొన్ని వ్యవస్థలు సిస్టమ్‌డీ భాగమును అతికించియుండెను. దానివెంట ఎక్స్‌జెడ్ కూడ లోపలికి వచ్చెను. ఆ అతుకు లేని జెంటూలో ఆ మార్గము పనిచేయలేదు. అయినను పాత రూపమునకు మరలుడని జెంటూ వారు హెచ్చరించిరి.

ఇందులకు మూల్యము కాలము. పెద్ద ప్రోగ్రాములకు నిదానపు యంత్రముపై గంటలు పట్టును. కనిపించిన గుర్తునెల్ల తొలగించుటయు వివేకము కాదు. ప్రతి మార్పు ప్రక్కన కారణమును వ్రాసియుంచు విద్యార్థి, ప్రోగ్రామును వాడుటయే గాక, అది దేనిపై ఆధారపడి నిలిచియున్నదో గ్రహించును.