సీఆర్‌ఓ పెట్టెకు ఎర్త్ ఎందుకు తీయకూడదు?

1897లో స్ట్రాస్‌బర్గ్‌లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ విద్యుత్ తరంగాన్ని కంటికి చూపించినప్పుడు ఆ సాధనానికి పెట్టె లేదు. ఒక గాజు గొట్టం, పక్కన తీగచుట్ట, వెలుగు చుక్కను పక్కకు సాగదీసి చూపడానికి తిరిగే అద్దం, అంతే. రెండేళ్లకు ఆయన సహాయకుడు జెనెక్ ఆ అద్దం పనినీ విద్యుత్తుకే అప్పగించాడు. 1947లో టెక్ట్రానిక్స్ సంస్థ 511 మోడల్ తెచ్చేనాటికి గొట్టం లోహపు పెట్టెలోకి చేరిపోయింది. మన కాలేజీ ల్యాబుల్లో సీఆర్‌ఓ (క్యాథోడ్ రే ఆసిలోస్కోప్) అంటే ఆ వంశమే.

పెట్టెకు రెండు పనులున్నాయి. లోపలి ప్రమాదకరమైన వోల్టేజీ మనిషికి తగలకుండా చూడాలి. చుట్టూ ఉన్న కరెంటు తీగల హమ్ కొలతలోకి దూరకుండా ఆపాలి. ఈ రెండో పని కోసం పెట్టెనే కొలతకు సున్నాగా పెట్టుకున్నారు. అందుకే మామూలు సీఆర్‌ఓలో ప్రోబు నల్ల క్లిప్పు, బీఎన్‌సీ సాకెట్ బయటి రింగు, పెట్టె, త్రీపిన్ ప్లగ్గులోని లావు ఎర్త్ పిన్ను నాలుగూ కలిసే ఉంటాయి. రెండు ఛానళ్ల క్లిప్పులూ అంతే.

కుర్రాళ్లు ఎస్‌ఎంపీఎస్‌లో (స్విచ్‌మోడ్ పవర్ సప్లైలో) మెయిన్స్ వైపు ఆ క్లిప్పు తగిలించగానే, అది ఎర్త్‌కు కలిసి ఉంది కాబట్టి షార్టయి ఢామ్మంటుంది. అప్పుడు పక్కనుంచి ఓ సలహా వస్తుంది: "ఎర్త్ పీకెయ్, ఫ్లోటింగ్‌లో పెట్టు." నా దృష్టిలో ల్యాబుల్లో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. ఎర్త్ పోయాక క్లిప్పు ఎక్కడ తగిలితే పెట్టె మొత్తం ఆ వోల్టేజీకి ఎక్కుతుంది. ఫేజ్ అయితే 230 వోల్టులు. చెమట చేతుల మనిషి నిరోధం వెయ్యి ఓములనుకుంటే ఒంట్లోంచి 230 మిల్లీఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. క్లిప్పు ఎక్కడా పెట్టకపోయినా, మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని పెట్టె దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ చెయ్యి పెడితే చురుక్కుమంటుంది.

ఎర్త్ ఉంటే? లోపల ఫేజ్ తీగ తోలు ఊడి పెట్టెకు తగిలిందనుకుందాం. దారి మొత్తం నిరోధం ఒక ఓమే అయితే 230 ఆంపియర్లు దూసుకెళ్లి ఫ్యూజు వెంటనే పోతుంది. ఆ నిరోధం పెరిగేకొద్దీ ఫ్యూజు పోవడం ఆలస్యమవుతుంది. అందుకే పెయింటు గీకి, మెరిసే లోహం మీద పళ్ల వాషరుతో ఎర్త్ బోల్టు బిగించాలి. ఆ బోల్టుకు వేరే పని పెట్టకూడదు. పచ్చ రంగు మీద పసుపు చారలున్న ఎర్త్ వైరును మిగతా రెండిటికంటే కాస్త పొడుగ్గా వదలాలి. కార్డు ఎవరైనా లాగినా చివరికి తెగేది అదే కావాలి. పెట్టెకు తలుపుంటే, కీలును నమ్మకుండా దానికి విడిగా ఎర్త్ తీగ వేయాలి. ఎర్త్ టెర్మినల్ నుంచి చేతికందే ప్రతి లోహభాగానికీ 0.1 ఓము మించకూడదని ఐఈసీ 61010 ప్రమాణం. మామూలు మల్టీమీటర్ తీగలకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది కాబట్టి, ఈ పరీక్ష ఎక్కువ కరెంటు పంపి చేస్తారు.

మెయిన్స్ వైపు కొలవాలంటే డిఫరెన్షియల్ ప్రోబు వాడండి. లేదా రెండు ప్రోబులు, క్లిప్పులు తగిలించకుండా, ఒకదాన్నుంచి ఒకటి తీసివేసి చూడండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పరీక్షించే సర్క్యూట్‌కు పెట్టండి, సీఆర్‌ఓకు కాదు. అప్పుడూ క్లిప్పు పెట్టాక మిగతా బిందువులు షాక్ కొడతాయని గుర్తుంచుకోండి.

ల్యాబ్ నడిపేవారికి ఒక విన్నపం: ఎర్త్ పిన్ను కోసేసిన కార్డు మీ గదిలో కనబడితే, ఇవాళే తీసి పారేయించండి.