శెనక్కాయ చుట్టం పింటో పీనట్: మన వైపు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు?



వీడియోలో చెట్ల కింద పసుపు పూలతో చాప పరిచినట్టు కనిపిస్తున్నది పింటో పీనట్. మన శెనక్కాయకు దగ్గరి చుట్టం. ఆకు, పువ్వు అట్లే ఉంటాయి. కాకపోతే దీన్ని కాయల కోసం పెంచరు, నేలను కప్పడానికి పెంచుతారు. పుట్టిల్లు బ్రెజిల్. 1954లో అక్కడ దీన్ని సేకరించిన పింటో గారి పేరే మొక్కకు వచ్చింది.

దీంతో లాభాలు చాలానే ఉన్నాయి. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. నీడలోనూ బతుకుతుంది. బాగా అల్లుకున్నాక కలుపును అణిచేస్తుంది, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోదు. పూలకు తేనెటీగలు వస్తాయి. కోసి వేస్తే పశువులు ఇష్టంగా తింటాయి.

అయితే నాటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: వేసవిలో నీళ్లున్నాయా? ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైన వాన పడే చోట ఇది బాగా వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అంత వాన ఉండదు. 4,000 అడుగుల పైనున్న హార్స్లీ హిల్స్ చల్లదనంలో పచ్చగా ఉండే మొక్క, కింద వర్షాధార మామిడి తోటలో ఎండిపోవచ్చు. లేదంటే లేత చెట్ల నీళ్లు తాగేస్తుంది.

అందుకే డ్రిప్పు ఉన్న ముదురు తోటల్లోనే పెట్టండి. వర్షాధార తోటకు వానతో పాటు ఉలవలు, అలసందలు చల్లి, పూత దశలో కోసి అక్కడే పరవడం మేలు. టమోటా, శెనక్కాయ వేసే చేన్లోకి మాత్రం రానివ్వొద్దు. దున్నితే తెగిన తీగలు మళ్లీ వేరు పట్టుకుంటాయి.

నాటే పద్ధతి: వానాకాలంలో జానెడు తీగ ముక్కలు తీసుకోండి. రెండు కణుపులు మట్టిలోకి పోయేట్టు అడుగు దూరంలో నాటండి. వేరు పట్టేదాకా తడి ఆరనివ్వకండి. మొదట్లో నెమ్మదిగా పాకుతుంది కాబట్టి మూడు నాలుగు నెలలు చేత్తో కలుపు తీయక తప్పదు. నీళ్లతో పాటు జీవామృతం పారించండి. చెట్టు మొదలు చుట్టూ అడుగు మేర ఖాళీగా ఉంచండి.

ఒకేసారి ఎకరమంతా నాటొద్దు. ముందు నాలుగు చెట్ల కింద పెట్టి ఒక వేసవి దాటించండి. ఆ చెట్ల ఆకు వాడకుండా, కింద తీగ పచ్చగా నిలిస్తే, మిగతా తోటకు కావాల్సిన నారు మీ దగ్గరే ఉన్నట్టు. రూపాయి ఖర్చు ఉండదు.