నీరసం ఎక్కడ మొదలవుతుంది?

శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల నుంచి మా ఆసుపత్రికి వచ్చే తల్లులు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "మూడు పూటలా తింటూనే ఉన్నాం, అయినా నీరసం పోవడం లేదు. మీరిచ్చిన మాత్రలు పది రోజులు వేసుకున్నాం. గుణం కనబడలేదని ఆపేశాం." దీనికి జవాబు మన శరీరంలోని కణాల్లో ఉంది.

మన ఊరి కలంకారీ వస్త్రం దూరం నుంచి చూస్తే ఒకే బొమ్మ. దగ్గరికి వెళ్తే అన్నీ చిన్నచిన్న గీతలు. మన శరీరమూ అంతే. సుమారు 30 లక్షల కోట్ల కణాలు కలిస్తే ఒక మనిషి. వాటిని మైక్రోస్కోపులోనే చూడగలం.

కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో చూసే వాకిలి అదే. లోపల జిగురులాంటి ద్రవం, అందులో కేంద్రకం ఉంటాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు దాదాపు అన్నీ ఈ కేంద్రకంలోనే ఉంటాయి. ఇవిగాక మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలుంటాయి. మనం తిన్న అన్నం, సంగటి చక్కెరగా మారి కణంలోకి చేరితే, ప్రాణవాయువు సాయంతో ఈ పొయ్యిలు దానినుంచి శక్తి తీస్తాయి. ఆ శక్తిని ఏ.టి.పి. అనే పదార్థం మోస్తుంది. దానిని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి గుర్తించినవారు మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

అంటే తిండి ఒక్కటే చాలదు, కణానికి ప్రాణవాయువు కూడా అందాలి. దానిని మోసుకెళ్లేవి ఎర్ర రక్తకణాలు. వీటికి కేంద్రకం ఉండదు, ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఎముకల మజ్జలో రోజూ కొత్తవి తయారవుతూ ఉండాలి. వాటిలోని హిమోగ్లోబిన్‌కు ఐరన్ కావాలి. కణాలు విభజన చెంది పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇవి తక్కువైతే రక్తహీనత వస్తుంది, పొయ్యి సరిగా మండదు, నీరసం మొదలవుతుంది.

సుబ్బారావు గారు తన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు కూడా అది మేలు చేసింది. ఈనాడు గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే.

కొత్త కణాలు పది రోజుల్లో రక్తమంతా నిండవు. అందుకే గర్భిణులకు నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఈ మాత్రలు ఇస్తారు. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది ఐరన్ వల్లే. మాత్రతో పాటు టీ, కాఫీ తాగకండి. నిమ్మరసం మంచిది. ఆకుకూరలు, పప్పులు, చెనిక్కాయలు తినండి.

నీరసానికి షుగరు, థైరాయిడ్ వంటి కారణాలూ ఉండవచ్చు. కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మాత్ర పడకపోతే మీరే ఆపకుండా వచ్చి మాకు చెప్పండి, మార్చి ఇస్తాం.