చుక్క, చెల్లు, చెక్కు

రాయలసీమలో కోర్టు మెట్లెక్కిన తగాదాలను తిరగేస్తే, గెలుపోటములు తేల్చింది చాలాసార్లు చిన్న గుర్తులే. రిజిస్టరులో ఒక చుక్క, కాగితం వెనక ఒక సంతకం, దాటిపోయిన ఒక తేదీ. కర్నూలు, కడప చుట్టుపక్కల ఏరిన అలాంటి విశేషాలు కొన్ని ఇక్కడ. వ్యాపారికి, సంసారికి, కొత్తగా నల్లకోటు తొడిగిన వకీలుకు అక్కరకొచ్చేవే ఎక్కువ. ఒకటి రెండు మాత్రం ఉత్త ముచ్చట కోసం.

పేరుండాల్సిన గడిలో చుక్కలు

బ్రిటిష్ వాళ్లు భూములు కొలిచి రీసెటిల్‌మెంటు చేసినప్పుడు, పట్టాదారు ఎవరో తేలని చోట పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ పుస్తకమే ఆర్ఎస్ఆర్. ఆ నేలను తాతలు దున్నారు, తండ్రులు పంచుకున్నారు, కొందరు అమ్ముకున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఎప్పుడో ఆ చుక్కలకు ప్రాణమొచ్చింది. పేరు లేదు గనుక ప్రభుత్వ భూమే కావచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేర్చారు. కూతురి పెళ్లికి ఎకరా అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లిన రైతుకు అక్కడే తెలిసింది, తన పొలం తనది కాదట!

ఈ చిక్కు విప్పడానికే 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. 12 ఏళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు చూపించగలిగితే రికార్డు సరిచేసుకోవచ్చు. 2023లో రాష్ట్రమంతటా సుమారు 2 లక్షల ఎకరాలను నిషేధిత జాబితా నుంచి తీసేశారు. ఎప్పటిదో ఒక గుమస్తా కలం పోటు, ఇన్ని వేల కుటుంబాలను ఆఫీసుల చుట్టూ తిప్పింది.

కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. "ఈసీ తీశాం, అంతా శుభ్రంగా ఉంది" అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ఆర్ఎస్ఆర్ నకలు, అడంగల్, 1బీ, 22ఏ జాబితా, ఈ నాలుగూ చూశాకే బయానా ఇవ్వాలి. డీకేటీ పట్టా అయితే ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూములను చట్టం ఒప్పుకోని తీరున కొంటే, 1977 నాటి చట్టం ప్రకారం కొన్నవాడికి హక్కే రాదు. డబ్బు ఎంత పోసినా సరే.

రాతి మీద బెయిలు

తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. అయిదో శాసనంలో ధర్మమహామాత్రులనే అధికారుల సంగతి వస్తుంది. ఖైదీల్లో పిల్లలున్నవాళ్లు, ముసలివాళ్లు, కష్టాల్లో ఉన్నవాళ్లు ఎవరో చూసి విడిపించడం వాళ్ల పనుల్లో ఒకటి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ దీనికి దగ్గరి మాటే ఉంది. పిల్లలు, ఆడవాళ్లు, జబ్బుపడినవాళ్లు, అశక్తులు అయితే మామూలుగా బెయిలు ఇవ్వకూడని కేసుల్లోనూ ఇవ్వవచ్చు. అదే చట్టం 479 సెక్షన్ మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లకు ఇంకో దారి చూపింది. గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిచిపోతే బెయిలు అడగవచ్చు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

అన్నట్టు, ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. దస్తావేజు భాష తికమకగా ఉంటుందని లేఖరులను మాత్రమే ఆడిపోసుకోవడం అన్యాయం.

దొరికిన వజ్రం ఎవరిది?

అదే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో తొలకరి పడగానే జనం తలొంచుకుని నడుస్తారు. వాన కడిగిన ఎర్రనేలలో రాయి తళుక్కుమంటుందని ఆశ. పేపర్లో వార్త ఎప్పుడూ ఒకే మూసలో వస్తుంది: ఫలానా కూలీకి వజ్రం, వ్యాపారి ఇన్ని లక్షలూ ఇన్ని తులాల బంగారమూ ఇచ్చి కొన్నాడు.

చట్టం సంగతి అంత తేలిక కాదు. పాతకాలపు నిధుల చట్టం (1878) మనుషులు భూమిలో దాచిన సొమ్ము గురించి చెబుతుంది. వజ్రాన్ని ఎవరూ దాచలేదు, అది ఖనిజం. నేలకింది ఖనిజం భూయజమానిదేనని, ఏదైనా చట్టం ఆ హక్కు తీసేస్తే తప్ప ప్రభుత్వానిది కాదని 2013లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కు ఉండడం ఒకటి, తవ్వడం ఇంకొకటి. 1957 గనుల చట్టం ప్రకారం లీజు లేకుండా తన చేనైనా సరే గని పని చేయడానికి వీల్లేదు. ఇక పక్కవాడి చేలో, అతను వద్దన్నాక, వెతకడం అక్రమ ప్రవేశమే.

చాలామందికి తెలియని మడతపేచీ డబ్బు దగ్గరుంది. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి. అదీ తీసుకున్నంత! గుట్టుగా అమ్మేసి బయటపడ్డాననుకునే కూలీకి ఈ ముక్క చెప్పేవాళ్లు కనబడరు.

ప్రోనోటుకు వీపే ప్రాణం

సీమలో పంటకు, పెళ్లికి, బోరుకు, అన్నింటికీ ప్రోనోటే. మూడేళ్లలో దావా వేయకపోతే నోటు మురిగిపోతుంది. అందుకే గడువు దాటకముందే నోటు వెనక "చెల్లు" వేయిస్తారు. వంద రూపాయలు జమ కట్టినట్టు రాసి, అప్పు తీసుకున్నవాడు సంతకం పెడితే అక్కడినుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు. ఆ సంతకం బాకీదారుదో, అతని తరఫున అధికారమున్నవాడిదో అయి ఉండాలి. అప్పిచ్చినవాడు తన చేత్తో తానే జమ రాసుకుంటే కోర్టులో నిలవదు. మూడేళ్లు దాటాక వేయించిన చెల్లు కూడా అంతే సంగతి.

స్టాంపు విషయంలో ఇంకో వింత ఉంది. ఇతర దస్తావేజులకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో పెట్టుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు. రెవెన్యూ స్టాంపు అంటించని నోటు లక్షలదైనా సాక్ష్యానికి పనికిరాదు.

చెక్కు లెక్క వేరు. బ్యాంకు నుంచి రిటర్న్ మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు ముట్టాక 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు ఫిర్యాదు. "ఖాళీ చెక్కే ఇచ్చాను, రాసింది వాళ్లే" అనే వాదన మనం అనుకున్నంత బలమైనది కాదు. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కు కూడా బాకీ కోసమే ఇచ్చినట్టు భావించాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకోవాల్సింది సంతకం పెట్టినవాడే.

కడప సబ్ కోర్టు నుంచి దేశమంతా

"మరోచరిత్ర" సరిత అందరికీ గుర్తే. ఆమె భర్త, భార్య తనతో కాపురం చేసేలా ఆదేశించమని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద పిటిషన్ వేసింది కడప సబ్ కోర్టులో. ఈ కేసు వినే అధికారం కడప కోర్టుకు లేదని ఆమె వాదన. ఆ చిన్న తకరారు హైకోర్టుకెక్కి పెద్ద ప్రశ్నగా మారింది: మనసు లేని మనిషిని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించవచ్చా? 1983లో జస్టిస్ పి.ఎ.చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. మనిషి ఏకాంతానికి, దేహం మీద తన హక్కుకు అంత గట్టిగా విలువిచ్చిన తీర్పు అప్పటికి అరుదు. మరుసటేడే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది, సెక్షన్ బతికింది. కానీ 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతం ప్రాథమిక హక్కని చెప్పాక చౌదరి గారి తీర్పును మళ్లీ తీసి చదువుతున్నారు. చదవాల్సిందే.

ప్లీడర్లు ఈ పిటిషన్ వేయడంలో అసలు కిటుకు వేరే ఉంటుంది. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం కలవకపోతే, ఇద్దరిలో ఎవరైనా దాన్నే చూపి విడాకులు అడగవచ్చు. ఇక ఏ ఊరి కోర్టు అన్న పేచీకి 2003లో కొంత ఊరట వచ్చింది. భార్య తానున్న ఊరి కోర్టులోనే పిటిషన్ వేసుకోవచ్చు.

ఆడబిడ్డ వాటా

ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది. సవరణ అమలైన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదననూ 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

చిక్కంతా పాత పారీఖత్తుల దగ్గర. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు చేసుకున్న భాగపంపకం జోలికి చట్టం పోదు. "మాకు నోటిమాటగా ఎప్పుడో భాగాలయ్యాయి" అన్న మాటను మాత్రం కోర్టులు అంత సులువుగా నమ్మవు. ఎవరి భాగం వారి పేరున పాసుపుస్తకాలు, శిస్తు రసీదులు ఏళ్ల తరబడి విడివిడిగా నడిచి ఉండాలి. అక్కకు చీర పెట్టి సంతకం తీసుకున్న తెల్లకాగితం ఎందుకూ కొరగాదు.

ముస్లిం కుటుంబాల్లో హిబా తీరు వేరు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుంది. తగాదాలన్నీ మూడోదాని మీదే.

చెరువుకు ఆరు దోషాలు

పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువు కట్టడానికి రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలూ లెక్కపెట్టింది. కట్ట కారడం, చవుడు నేల వంటివి ఎవరైనా ఊహిస్తారు. మరో దోషం చూడండి: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం! తుంగభద్ర నీటి కోసం కర్ణాటకతో, కృష్ణా నీటి కోసం తెలంగాణతో పేచీ పడుతున్న జిల్లాల్లోనే ఆ మాట చెక్కి ఉంది. కేసీ (కర్నూలు-కడప) కాలువకు 39.9 టీఎంసీలని కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ రాసిచ్చింది. రాసింది పారితే ఇంకేం కావాలి.

బోరు వేసేవాళ్లు కూడా వినాలి. 2002 వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్లలోపు కొత్తది వేయకూడదు.

రాయి, పసిడి, మామిడి

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీ బండలు పంపి నెలల తరబడి డబ్బుకు ఎదురుచూస్తుంటుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. సరుకు తయారుచేసేవాడికే ఇది, కొని అమ్మే వ్యాపారికి కాదు. ప్రొద్దుటూరు అంగళ్లలో కొన్న హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడిదో పండు తెచ్చి ఆ పేరుతో పెట్టెలు అమ్మితే కేసే.

పత్తికొండలో ఆగిన మన్రో

దత్తమండలాల కలెక్టరుగా సీమను గుర్రం మీద తిరిగిన థామస్ మన్రో, తగాదాలు ఊళ్లోనే తేలాలని పట్టుబట్టాడు. 1816 రెగ్యులేషన్లతో గ్రామ మునసబుకు చిన్న దావాలు వినే అధికారం వచ్చింది. గవర్నరై మళ్లీ ఈ వైపు వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మునసబులు, కరణాలు 1984 దాకా ఉన్నారు.

దక్కని హైకోర్టు

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో నాయకులు ఒప్పందం రాసుకున్నారు. కడప కోటిరెడ్డి వంటి న్యాయవాదులూ అందులో ఉన్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ముందు కోరుకునే హక్కు సీమది. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలింది. ఒప్పందం పెద్దమనుషుల మధ్యది, చట్టం కాదు. దాన్ని పట్టుకుని కోర్టుకు పోయే దారి లేదు. లాయర్లే కూర్చుని రాసిన కాగితానికి ఈ గతి పట్టడం నాకైతే విడ్డూరమే. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. 2021లో మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త మాత్రం కర్నూలుకు వచ్చాయి. కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. సంఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి.

పాలబాస, బాండు

కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవానికి ముందు నెరణికి, కొత్తపేట గ్రామస్తులు కలిసి ఉంటామని పాలబాస చేస్తారు. పోలీసులు తమ వంతుగా కొందరిని తహసీల్దారు ముందుకు తెచ్చి బైండోవర్ చేస్తారు. బైండోవర్ అంటే శిక్ష అనుకుని హడలిపోయేవాళ్లున్నారు. అది శిక్ష కాదు, గొడవ చేయనని ఇంత సొమ్ముకు రాసిచ్చే పూచీ. గడువులోపు మాట తప్పితే ఆ సొమ్ము కట్టాలి.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు కర్నూలు, కడప రెండుచోట్లా జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను 15100. లోక్ అదాలత్‌లో రాజీపడితే దావాకు కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఆ అవార్డు మీద అప్పీలు మాత్రం ఉండదు.